హెచ్‌డీ టీవీని ఎంచుకోవడం, లోపమున్న సెట్‌ను మార్పించుకోవడం

టీవీ కొనబోయేవారు మొదట అడిగేది ఎన్ని అంగుళాలు అనే. దానికన్నా ముందు తేల్చుకోవలసిన కొలత మరొకటి ఉంది. కూర్చునే చోట కంటి దగ్గర నుంచి తెర ఉండబోయే గోడ వరకు టేపు పట్టి కొలిచి, ఆ దూరాన్ని సెంటీమీటర్లలో రాసుకోవాలి. కంటి ముందు తెర దాదాపు 30 డిగ్రీల మేర ఆక్రమిస్తే చూడటానికి నిండుగా ఉంటుందన్నది ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్క ప్రకారం, కొలిచిన దూరాన్ని 1.6తో భాగిస్తే తెర ఐమూల కొలత వస్తుంది. 220 సెంటీమీటర్ల దూరానికి సుమారు 137 సెంటీమీటర్లు, అంటే 55 అంగుళాలకు దగ్గరగా వస్తుంది. తరువాత ఆ కొలతకు సరిపడే పాత వార్తాపత్రికలను గోడకు అంటించి ఒక పూట అలాగే ఉంచి చూడండి. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68.5 సెంటీమీటర్లు ఉంటుంది. అంకెల్లో చిన్నదనిపించిన తెర గోడ మీద ఎంత చోటు తీసుకుంటుందో అప్పుడు తెలుస్తుంది.

దూరం తెలిస్తే రిజల్యూషన్ సంగతి కూడా సగం తేలిపోతుంది. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు కలిసి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. 4కె అని పిలిచే అల్ట్రా హెచ్‌డీలో 3840, 2160 చొప్పున దాదాపు 83 లక్షలు ఉంటాయి. చూపు బాగా ఉన్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. అందుచేత తెర ఎత్తుకు సుమారు 3.2 రెట్ల దూరం దాటితే ఫుల్ హెచ్‌డీలోని పిక్సెళ్లే విడిగా కనబడవు, ఇక 4కె ఇచ్చే అదనపు వివరం ఎక్కడ కనబడుతుంది? 55 అంగుళాల తెరకు ఆ దూరం దాదాపు 2.2 మీటర్లు. అయినా పెద్ద పరిమాణాల్లో 4కె సెట్‌నే ఎంచుకోమని నేను చెబుతాను. మెరుగైన ప్యానెళ్లు, వాటి వెనుక వెలిగే మెరుగైన బ్యాక్‌లైట్ దీపాలు ఆ తరగతిలోనే వస్తున్నాయి కాబట్టి లాభం పిక్సెళ్ల లెక్కలో కాక అక్కడ దక్కుతుంది. చిన్న పరిమాణాల్లో మాత్రం పెట్టె మీద హెచ్‌డీ రెడీ అని ఉంటే లోపలి ప్యానెల్ తరచుగా 1366, 768 పిక్సెళ్లదై ఉంటుంది. 720 వరుసల ప్రసారానికీ, 1080 వరుసల ప్రసారానికీ అది సరిగ్గా అతకదు. ఏది వచ్చినా సాగదీసో, కుదించో చూపవలసి రావడం వల్ల అక్షరాల అంచులు మసకగా కనబడతాయి.

ప్యానెల్ రకం గురించి తీరికగా ఆలోచించాలి, ఎందుకంటే కొన్న తరువాత ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు. ఎల్‌సీడీ తెర స్వయంగా వెలగదు, వెనుక ఉన్న ఎల్‌ఈడీ దీపాల వెలుగును అడ్డుకుంటూ, వదులుతూ బొమ్మను చూపిస్తుంది. మార్కెట్లో ఎల్‌ఈడీ టీవీ అని అమ్ముతున్నవీ, క్యూఎల్‌ఈడీ అని అమ్ముతున్నవీ ఈ కోవలోనివే. క్యూఎల్‌ఈడీలో రంగులను మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొర అదనంగా ఉంటుంది, అంతే. ఓఎల్‌ఈడీలో అలా కాక ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఉన్న ఈ రెండు పేర్లను ఒకటే అనుకుని కొన్నవారు చాలామంది ఉన్నారు, కనుక బిల్లు రాయించే ముందు పేరును అక్షరం అక్షరం చదువుకోవాలి.

ఎల్‌సీడీలో మళ్లీ ఐపీఎస్, వీఏ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ఐపీఎస్ ప్యానెల్‌ను పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు కానీ నలుపు బూడిద రంగుగా కనిపిస్తుంది, దాని తెలుపు నలుపుల నిష్పత్తి సుమారు వెయ్యికి ఒకటి. వీఏ ప్యానెల్‌లో ఆ నిష్పత్తి మూడు వేలు, అంతకన్నా ఎక్కువే ఉండి చీకటి దృశ్యాలు లోతుగా కనబడతాయి, అయితే పక్కకు జరిగి కూర్చున్నవారికి రంగులు వెలిసిపోయినట్లుంటాయి. గది వెడల్పుగా ఉండి నలుగురూ నాలుగు మూలల నుంచి చూసే ఇంటికి ఐపీఎస్, రాత్రి దీపాలు ఆర్పి ఎదురుగా కూర్చుని సినిమా చూసేవారికి వీఏ తగినవి. ఓఎల్‌ఈడీ ఈ రెండింటి మేలునూ కలిపి ఇస్తుంది, కానీ రోజంతా ఒకే వార్తా ఛానెల్ నడిచే ఇంటికి దాన్ని నేను సూచించను. కదలని లోగో, కింద పరుగెత్తే వార్తల పట్టీ ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగితే అక్కడి పిక్సెళ్లు మిగిలినవాటి కన్నా ముందుగా అరిగి, శాశ్వతమైన నీడ మిగిలిపోతుంది.

వెలుగు నీడల మధ్య తేడాను ఎక్కువ మేర చూపే హెచ్‌డీఆర్ అన్న ముద్రను చూసి తొందరపడవద్దు. ఆ ముద్ర ఉన్న చాలా చవక సెట్లు హెచ్‌డీఆర్ సంకేతాన్ని స్వీకరించగలవే తప్ప దానికి తగిన వెలుగును చూపలేవు. బ్యాక్‌లైట్‌ను భాగాలుగా విడదీసి, చీకటిగా ఉన్న చోట తగ్గించి, వెలుగున్న చోట పెంచే లోకల్ డిమ్మింగ్ ఉందా, ఉంటే ఎన్ని భాగాలు అన్నది అడిగి తెలుసుకోవాలి. భాగాలు తక్కువైతే నల్లని నేపథ్యం మీది తెల్లని సబ్‌టైటిళ్ల చుట్టూ పొగ కమ్మినట్లు వెలుగు చిమ్ముతుంది. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో చెప్పే రిఫ్రెష్ రేటు విషయంలోనూ ఇలాగే జాగ్రత్త అవసరం. కంపెనీలు రకరకాల పేర్లతో 200, 400, 800 అని రాసే అంకెలు ప్యానెల్ వేగం కావు, ప్యానెల్ అసలు వేగం 60 హెర్ట్జ్‌లా, 120 హెర్ట్జ్‌లా, అంతకన్నా ఎక్కువా అన్నదొక్కటే లెక్కలోకి వస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. 120ని 24 నిశ్శేషంగా భాగిస్తుంది. 60ని భాగించదు కాబట్టి 60 హెర్ట్జ్‌ల సంకేతంలో ఒక ఫ్రేమును రెండు సార్లు, తరువాతి దాన్ని మూడు సార్లు చూపవలసి వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో కనిపించే చిన్న కుదుపుకు కారణం అదే.

హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు శబ్దాన్ని పంపే ఈఆర్క్ ఏ పోర్టులో ఉందో చూసుకోండి. హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ప్రమాణంలోని సౌకర్యాలన్నీ సెట్‌లో ఉండాలన్న నియమం లేదు. ఆటలకు వాడదలచినవారు 4కెలో 120 హెర్ట్జ్ తీసుకుంటుందా, ఎన్ని పోర్టుల్లో తీసుకుంటుంది అని సూటిగా అడగాలి.

దుకాణంలో సెట్లన్నీ కళ్లు చెదిరే వివిడ్ మోడ్‌లో పెట్టి ఉంటాయి. రిమోట్ అడిగి తీసుకుని సినిమా మోడ్‌కు మార్చమనండి, మీకు బాగా తెలిసిన ఒక వీడియోను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి పెట్టించండి. అందులో మనుషుల ముఖాలు, ఒక చీకటి గది, ఒక పచ్చని మైదానం ఉంటే చాలు. పూలు, చేపలు, లోయలు నిండిన ప్రదర్శన వీడియోలో ప్రతి టీవీ అందంగానే ఉంటుంది. చర్మం రంగు ఎలా ఉండాలో మాత్రం మన కంటికి బాగా తెలుసు, అక్కడ తేడా వస్తే వెంటనే పట్టేస్తుంది.

మొదటి వారం

కొనుగోలుదారుకు నిజమైన బలం ఉండేది అమ్మిన దుకాణం సెట్‌ను వాపసు తీసుకునే ఆ కొద్ది రోజుల్లోనే. ఏళ్ల తరబడి ఉండే వారంటీ బాగు చేస్తామని మాత్రమే చెబుతుంది, ఏది లోపమో నిర్ణయించే అధికారాన్ని తయారీదారు చేతిలోనే ఉంచుతుంది. కనుక వాపసు గడువు ఎన్ని రోజులో, పెట్టె తెరిచిన సెట్‌కు కూడా వర్తిస్తుందో లేదో కొనే ముందే రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ రోజుల్లోనే సెట్‌ను క్షుణ్ణంగా పరీక్షించాలి.

సెట్ ఇంటికి వచ్చినప్పుడు పెట్టె మూలలు నలిగాయా, చిరిగాయా అని చూసి, అలా ఉంటే తెరవక ముందే ఫొటో తీసి, అందుకున్నట్లు సంతకం చేసే కాగితం మీద ఆ సంగతి రాయండి. పలుచని పెద్ద ప్యానెల్‌ను పడుకోబెట్టి తేకూడదు, ఇద్దరు మనుషులు అంచులను పట్టుకుని నిలువుగానే ఎత్తాలి, తెర మీద వేళ్లు ఆనించి నొక్కకూడదు. బాగా చల్లని చోటు నుంచి వెచ్చని గదిలోకి తెచ్చిన సెట్ లోపల చెమ్మ పట్టి ఉండవచ్చు కాబట్టి కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. గోడకు బిగించేటప్పుడు తయారీదారు చెప్పిన పొడవు కన్నా పొడవైన బోల్టులు వాడితే అవి లోపలికి చొచ్చుకుపోయి సెట్‌ను పాడు చేయగలవు, అలా జరిగిన నష్టం వారంటీ కిందికి రాదు. పెట్టెనూ, థర్మకోల్ దిమ్మలనూ గడువు ముగిసేదాకా పారేయవద్దు.

మొదటిసారి వేసినప్పుడు హోమ్ మోడ్‌ను ఎంచుకోండి. తరువాత షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించి, బొమ్మ అంచులను కత్తిరించి సాగదీసే ఓవర్‌స్కాన్‌ను ఆపి, సినిమాను సీరియల్‌లా చూపే మోషన్ స్మూతింగ్‌ను తీసివేయండి. లోపమున్న సెట్ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ మూడు మార్పులతోనే సమసిపోతాయి.

ఇక పరీక్షకు వద్దాం. కంప్యూటర్‌లో ఏ బొమ్మల సాఫ్ట్‌వేర్‌తోనైనా తెర రిజల్యూషన్‌కు సరిపోయే ఏడు బొమ్మలు తయారు చేయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, నడిమి బూడిద రంగు, నలుపుకు దగ్గరగా ఉండే బూడిద రంగు, ఒక్కో బొమ్మలో ఒక్క రంగే నిండి ఉండాలి. వాటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, గదిని చీకటి చేసి, ఒక్కొక్కటిగా చూడండి. ముందు మామూలుగా కూర్చునే చోటు నుంచి, తరువాత తెరకు జానెడు దూరం వచ్చి చూడాలి. 55 అంగుళాల 4కె తెరలో ఒక పిక్సెల్ వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ, అందులోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సన్నని గీతలు పక్కపక్కన ఉంటాయి. నల్లని బొమ్మ మీద సూదిమొనంత ఎర్రని చుక్క కదలకుండా వెలుగుతుంటే ఆ ఎర్ర గీత ఆరకుండా ఇరుక్కుపోయిందని అర్థం. తెల్లని బొమ్మ మీద నల్లని చుక్క ఉంటే తడి లేని మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తేలికగా తుడిచి చూడాలి. చెదిరితే ధూళి, చెదరకపోతే చచ్చిన పిక్సెల్.

ఎన్ని చుక్కలుంటే లోపమని ఒప్పుకుంటారన్నది చాలామందిని నిరాశపరిచే విషయం. 2001 నాటి ఐఎస్ఓ 13406-2 అనే ప్రమాణం ప్యానెళ్లను తరగతులుగా విభజించింది. 2008లో దాని స్థానంలో ఐఎస్ఓ 9241-307 వచ్చినా ఆ తరగతుల ఆలోచన నిలిచే ఉంది. పాత ప్రమాణంలోని రెండో తరగతి ప్రకారం ప్రతి 10 లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగే పిక్సెళ్లు 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2, ఒక రంగు గీత మాత్రమే పాడైనవి 5 వరకు ఉండవచ్చు. 83 లక్షల పిక్సెళ్ల తెరకు ఆ కొలమానాన్ని వర్తింపజేస్తే 16 తెల్లని చుక్కలున్నా సెట్ బాగున్నట్లే లెక్క! అందుకే చచ్చిన పిక్సెల్‌ను వారంటీ కింద వాదించి గెలవాలని చూడటం కన్నా వాపసు గడువులోనే సెట్‌ను మార్పించుకోమని గట్టిగా చెబుతున్నాను. నచ్చకపోయినా వెనక్కి తీసుకునే దుకాణం చుక్కలు లెక్కపెట్టమని అడగదు.

బూడిద రంగు బొమ్మ మీద మురికి గుడ్డతో తుడిచినట్లు మరకలు, నిలువు చారలు కనబడవచ్చు. నల్లని బొమ్మ మీద మూలల నుంచి టార్చి వేసినట్లు వెలుగు కారవచ్చు. ఏ ఎల్‌సీడీ తెరా పూర్తిగా సమంగా ఉండదు కనుక ఇక్కడ నిదానం కావాలి. పరీక్ష బొమ్మ మీద మాత్రమే కనిపించే మరకను వదిలేయడమే మేలు. మైదానం మీద కెమెరా పక్కకు జరిగినప్పుడల్లా అదే చార కంటికి తగులుతుంటే మాత్రం ఉపేక్షించవద్దు, ఒకసారి కన్ను పట్టేసిన చార ఆ తరువాత కనబడకుండా పోదు. చీకట్లో ఫోన్‌తో తీసిన ఫొటో వెలుగు కారడాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది, నిర్ణయానికి దాన్ని ఆధారం చేసుకోకూడదు.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

తెర మీద ఏదో తేడా కనబడగానే తప్పు టీవీదే అనుకోవడం సహజం. కానీ బొమ్మ సెట్-టాప్ బాక్సులో పుట్టి, కేబుల్ గుండా వచ్చి, చివరికి తెర మీదికి చేరుతుంది. మూడింటిలో దేనిది దోషమో తెలుసుకోవడానికి రిమోట్‌లో మెనూ బటన్ నొక్కడమే అన్నిటికన్నా సులువైన పరీక్ష. మెనూను టీవీయే గీస్తుంది. గీత, రంగు తేడా, వణుకు మెనూ మీద కూడా కనబడితే దోషం టీవీలో ఉంది. మెనూ శుభ్రంగా ఉండి వెనుక బొమ్మ మాత్రమే చెడితే వేరే పరికరాన్ని, వేరే కేబుల్‌ను, వేరే పోర్టును ఒకదాని తరువాత ఒకటి మార్చి చూడాలి. ఒకేసారి రెండు మార్చితే ఏది పని చేసిందో తెలియదు.

దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం నా అనుభవమే. మా ఇంటి సెట్‌లో 4కె వీడియో నడుస్తుండగా తెర రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వచ్చేది. సర్వీసు కేంద్రం వారు మెయిన్ బోర్డు మార్చారు, దానికి రెండు వారాలు పట్టింది, బోర్డు మార్చినా లోపం అలాగే ఉంది. చివరకు బాక్సుకూ టీవీకీ మధ్య ఉన్న పాత కేబుల్‌ను తీసి కొత్తది పెట్టి చూస్తే లోపం పోయింది. 4కెను 60 హెర్ట్జ్ వద్ద చేరవేయడానికి సెకనుకు 18 గిగాబిట్ల వరకు సామర్థ్యం కావాలి, 120 హెర్ట్జ్ కోసం అల్ట్రా హై స్పీడ్ అని ముద్ర ఉన్న 48 గిగాబిట్ల కేబుల్ వాడాలి. సామర్థ్యం చాలని కేబుల్‌లో తెర మీద మెరుపు చుక్కలు రాలతాయి, లేదా మాకు జరిగినట్లు బొమ్మ ఉండి ఉండి మాయమవుతుంది.

శబ్దం వస్తూ బొమ్మ రాకపోతే గదిని చీకటి చేసి, తెరకు దగ్గరగా ఒక టార్చిని ఏటవాలుగా వేసి చూడండి. ఆ వెలుగు పడిన చోట దయ్యపు నీడలా మెనూ అక్షరాలో, మనుషుల ఆకారాలో కదులుతూ కనబడితే ప్యానెల్ బాగానే ఉంది, వెనుక దీపాలు వెలగడం లేదు. ఎల్‌ఈడీ పట్టీల్లో దీపాలు వరుసగా ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా ఆ వరుస మొత్తం ఆరిపోతుంది, చాలా సెట్లలో రక్షణ కోసం బ్యాక్‌లైట్ అంతా ఆగిపోతుంది. పట్టీలు మార్చడం ప్యానెల్ మార్చడం కన్నా చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. ప్యానెల్ పోయిందని చెప్పేవారి ముందు ఈ టార్చి పరీక్ష చేసి చూపడం మంచిది. కొత్త సెట్‌లోనైనా సరే, బ్యాక్‌లైట్‌ను నూటికి నూరు మీద నడపకుండా గదికి సరిపడేంత తగ్గించి వాడితే ఈ దీపాలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

పై నుంచి కింది దాకా కదలని నిలువు గీత ఉంటే, అది సాధారణంగా ప్యానెల్ అంచున అతికించిన సన్నని రిబ్బన్ వదులైనందువల్ల వస్తుంది, దాన్ని బాగు చేయడం కష్టం. సగం తెర మసకబారడం, బొమ్మ రెండుగా విడిపోవడం మాత్రం టీ-కాన్ అనే చిన్న బోర్డు వల్ల కూడా కావచ్చు, అది మార్చదగినదే. పగిలిన ప్యానెల్ సంగతి వేరు, చాలా సెట్లలో దాని ఖర్చు కొత్త సెట్ ధరకు దగ్గరగా ఉంటుంది.

స్విచ్ వేసినా సెట్ వెలగకపోతే ప్లగ్‌ను గోడ నుంచి తీసి, టీవీ మీది పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, కొద్దిసేపు ఆగి మళ్లీ పెట్టండి. ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంటే ఎన్నిసార్లు మినుకుమని ఆగుతోందో లెక్కపెట్టి రాసుకోండి, ఏ భాగం చెడిందో చెప్పే సంకేతం తరచుగా ఆ లెక్కలోనే ఉంటుంది. లోగో వరకు వచ్చి మళ్లీ మొదటికి పోతుంటే సాఫ్ట్‌వేర్ చెడి ఉండవచ్చు, తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఆ మోడల్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే దారి కొన్నిటికి ఉంటుంది. వెనుక మూతను మాత్రం తెరవవద్దు. పవర్ బోర్డు మీది కెపాసిటర్‌లో ప్లగ్ తీసేసిన తరువాత కూడా మూడు నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండగలవు, అది ప్రాణం తీయగలదు.

ఓఎల్‌ఈడీ వాడేవారికి ఒక జాగ్రత్త. రిమోట్‌తో ఆపిన తరువాత ఆ సెట్లు స్టాండ్‌బైలో ఉండి పిక్సెళ్లను సరిచేసుకునే పని చేసుకుంటాయి. ప్రతి రాత్రీ గోడ స్విచ్ ఆపేసే అలవాటు ఉంటే ఆ పని సాగదు, తెర మీది తాత్కాలికమైన నీడలు పోవు.

ఫిర్యాదు

ఫోన్‌లో చెప్పినా, అదే రోజు రాతపూర్వకంగా కూడా పంపండి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, లోపం మొదట కనబడిన తేదీ, ఎప్పుడు ఎలా వస్తుందో, దాన్ని తేల్చుకోవడానికి మీరు ఏమేం మార్చి చూశారో అందులో ఉండాలి. బొమ్మ సరిగా లేదు అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తెర ఎడమ అంచు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఆకుపచ్చ నిలువు గీత, మెనూ మీద కూడా కనబడుతోంది, రెండు పోర్టుల్లోనూ ఉంది అని రాస్తే కేబుల్ మార్చి చూడండి అన్న జవాబుతో ఒక వారం వృథా కాదు. గీత, మెనూ రెండూ ఒకే చట్రంలో కనబడేలా తీసిన చిన్న వీడియోను జత చేయండి. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపానికి వీడియోయే సాక్ష్యం, ఎందుకంటే సర్వీసు మనిషి వచ్చిన పూట అది రాకపోవచ్చు.

వచ్చిన సర్వీసు మనిషితో మర్యాదగా మాట్లాడండి, ఆ లోపానికి ఆయన బాధ్యుడు కాడు. కానీ ఏం చూశారో, ఏ భాగం మార్చారో సర్వీసు కాగితం మీద రాయించుకుని నకలు ఉంచుకోండి. ప్యానెల్ మారిస్తే అది కొత్తదా, బాగు చేసినదా అని అడగండి, మార్చిన భాగానికి వారంటీ ఎంతకాలమో రాయించండి. సెట్‌ను తీసుకెళ్తే తెర మీద గీతలు, పగుళ్లు లేవని రసీదులో ఉండాలి. ఒకే లోపం రెండోసారి, మూడోసారి తిరిగి వస్తే మరమ్మతు కాక మార్పిడి కావాలని, ఫిర్యాదు నంబర్లు, తేదీలు వరుసగా చూపుతూ పై అధికారికి రాయండి. తేదీలు స్పష్టంగా ఉన్న ఒక పుట ఉత్తరం గంటసేపటి ఫోన్ వాదన కన్నా ఎక్కువ దూరం వెళ్తుంది.

బాగై వచ్చిన సెట్‌ను అందుకునేటప్పుడు సంతకం చేయడానికి తొందరపడకండి. పెన్‌డ్రైవ్‌లోని ఆ ఏడు బొమ్మలను మళ్లీ పెట్టి, తెచ్చినవారు గదిలో ఉండగానే మూలలు, అంచులు, నడిమి భాగం చూసి, మార్చిన ప్యానెల్‌లో కొత్త చుక్క గానీ చార గానీ ఉంటే అదే కాగితం మీద రాసి, ఆ తరువాత సంతకం పెట్టండి.